తల్లి ఉన్న బాబుకి అనాథ పేరుతో డబ్బు పంపుతున్నాం, ఏం చేయమంటారు?

గుంటూరు జిల్లాలో టీచరుగా పనిచేసి రిటైరైన ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ తీసేసి కుదించి ఇస్తున్నాను.

ఆవిడ కొడుకు ఉగాండా రాజధాని కంపాలాలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. అతని దగ్గరికి వెళ్లినప్పుడు ఫ్లాట్‌లో ఒక్కతే కూర్చుని విసుగెత్తి, అక్కడి తెలుగు ప్రార్థన కూటంలో పరిచయమైన వాళ్లతో కలిసి జింజా వెళ్లే దారిలో ఉన్న ఒక పిల్లల హోంకి వెళ్లారు. నలభై మంది దాకా పిల్లలు. వారానికి రెండు రోజులు ఇంగ్లీషు చదవడం నేర్పారు. తొమ్మిదేళ్ల బాబు ఒకడు వెళ్లిన మొదటిరోజే వచ్చి ఒడిలో కూర్చుని ‘జాజ్జా’ అన్నాడట. అక్కడి లుగాండా భాషలో అమ్మమ్మనీ, నానమ్మనీ, తాతనీ కూడా జాజ్జా అంటారు. ఊరికి తిరిగొచ్చి చర్చి సంఘంలో చెబితే స్త్రీల సమాజంలో ఇరవై మంది పైగా సోదరీమణులు తలా ఒక బిడ్డకి నెలకి వెయ్యి రూపాయల చొప్పున స్పాన్సర్ చేస్తామన్నారు. డబ్బంతా ఈవిడ ఫోన్‌పేకి వస్తుంది. ఈవిడ కొడుక్కి పంపితే, అతను హోంకి కడతాడు. ఇప్పుడు దానికి తోడు కొత్త డార్మిటరీ కోసం సంఘంలో రూ. 2,80,000 పోగైంది. అదింకా పంపలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు హోంలో వంటచేసే అమ్మాయి ‘మీ బాబు వాళ్లిల్లు చూస్తారా’ అని బోడా బోడా (అక్కడి బైకు టాక్సీ) ఎక్కించి తీసుకెళ్లింది. హోం కాగితాల్లో తల్లీ తండ్రీ చనిపోయారని ఉంది. తండ్రి పోయిన మాట నిజమే. తల్లి మాత్రం రోడ్డు పక్కన బొగ్గుల మీద గొంజా, అంటే తీపి అరటికాయలు, కాల్చి అమ్ముతోంది. పిల్లవాడి నానమ్మ కూడా ఉంది, తలకి ముసుగు కట్టుకున్న ముస్లిం ముసలావిడ. ఆవిడ వాణ్ణి వేరే పేరుతో పిలిచింది. బైబిలు పేరు హోంలో పెట్టినదట. తల్లి అక్కడి మర్యాద ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని పలకరించి, ‘వాణ్ణి ఇండియా తీసుకెళ్తారా?’ అని అడిగింది. హోం డైరెక్టరుని నిలదీస్తే ఆయన దాచలేదు. ‘అనాథ అని రాయకపోతే స్పాన్సర్లు రారు మేడమ్’ అన్నాడు.

కొడుకేమో ‘నీకెందుకమ్మా ఈ టెన్షన్, వదిలెయ్’ అంటున్నాడు. ఇక్కడ పాస్టరు గారు మే నెలలో పద్నాలుగు మంది యూత్‌ని ఆ హోంకి తీసుకెళ్లాలని ప్లాన్ వేశారు. పది రోజులు వీబీఎస్ (పిల్లలకి సెలవుల్లో పెట్టే బైబిలు బడి), నర్సింగ్ చదివే అమ్మాయిలతో మెడికల్ క్యాంపు, సువార్త కూటాలు, వీడియో. దానికి ముందు ఒక ఆదివారం ఈవిడని సాక్ష్యం చెప్పమన్నారు, అంటే ఆ హోంలో తన అనుభవం సంఘం ముందు చెప్పాలి.

ఉత్తరం చివర ఇలా రాశారు: ‘నేనూ చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో చదివాను. మా అమ్మ ఆదివారాలు వచ్చి చూసి వెళ్లేది. వార్డెన్ గారు మాత్రం నాకెవరూ లేరని అమెరికా దొరసానికి ఉత్తరం రాయించేవారు. ఇప్పుడు డబ్బు ఆపాలా? సంఘానికి చెప్పాలా? యూత్ పిల్లల్ని తీసుకుని ఆ హోంకి వెళ్లాలా?’

టీచరు గారూ,

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ చివరి పేరా. కోస్తా జిల్లాల్లో మీ వయసు క్రైస్తవుల ఇళ్లలో ఇలాంటి కథ ఎవరిని కదిపినా ఒకటి వస్తుంది. క్రిస్మస్‌కి ఫోటో, కొత్త గౌను, ‘డియర్ అంకుల్ అండ్ ఆంటీ’. ఆ హాస్టల్ లేకపోతే మీరు టీచరు అయ్యేవారు కాదేమో. ఆ ఉత్తరం రాసిన రోజు మీ అమ్మ గుర్తొచ్చి మీకెలా ఉండేదో కూడా మీకే తెలుసు. ఈ రెండూ నిజాలే. కాబట్టి ఆ బాబు విషయంలో నాకంటే, మీ పాస్టరు గారి కంటే, ఆ డైరెక్టరు కంటే మీకే ఎక్కువ తెలుసు. మీ మాట మీద మీకే నమ్మకం చాలక నాకు రాశారనిపిస్తోంది.

ముందు ఆ తల్లి సంగతి. ఆవిడ బిడ్డని వదిలించుకుందని అనుకోకండి. ఉగాండాలో 1997 నుంచి ప్రభుత్వ ప్రాథమిక విద్య ఉచితమే. కానీ యూనిఫాం, పుస్తకాలు, మధ్యాహ్నం తిండి, రకరకాల ఫీజుల పేరుతో ఇంటి మీద బరువు పడుతూనే ఉంది. ఫీజు కట్టకపోతే టర్మ్ మధ్యలోనే ఇంటికి పంపేసే బళ్లున్నాయి. రోడ్డు పక్కన గొంజా అమ్మే మనిషికి, బడి, తిండి, మంచం మూడూ ఇస్తామనే హోం కనిపిస్తే ఏం చేస్తుంది? మీ అమ్మగారు ఏం చేశారో అదే చేస్తుంది. ఇది ఆ ఒక్క హోం కథ కూడా కాదు. ప్రపంచంలో చాలాచోట్ల అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఉగాండాలో ఎయిడ్స్ ఊళ్లకి ఊళ్లని తుడిచిపెట్టిన రోజుల్లో కూడా దిక్కులేని పిల్లల్లో ఎక్కువమందిని పెంచింది హోంలు కావు, జాజ్జాలు, మేనత్తలు, పెద్దమ్మలు. ఆ తర్వాత బయటి డబ్బు వచ్చింది. డబ్బు మంచానికి వస్తోంది కాబట్టి మంచాలు పెరిగాయి, మంచాలు నిండాలి కాబట్టి పిల్లలు వచ్చారు. డైరెక్టరు మీతో అన్న ఆ ఒక్క వాక్యంలో ఈ లెక్కంతా ఉంది. ఆయన దుర్మార్గుడని నేననను. స్పాన్సర్లకి ఏం కావాలో ఆయనకి తెలుసు, అదిచ్చాడు. ఆ స్పాన్సర్లలో మనమూ ఉన్నాం.

‘ఇండియా తీసుకెళ్తారా’ అన్న మాటకి మీరు జవాబు చెప్పలేక వచ్చేశానన్నారు. మళ్లీ అడిగితే సూటిగా కుదరదని చెప్పండి, ఆశ పెట్టొద్దు. ఉగాండా 2016లో పిల్లల చట్టాన్ని సవరించి విదేశీయులకి గార్డియన్‌షిప్ ఇచ్చే దారి మూసేసింది. అంతకుముందు ఆ దారిలో దేశం దాటిపోయిన పిల్లల్లో కన్నవాళ్లు బతికున్నవాళ్లు ఉన్నారనే అలా చేశారు.

ఇంకో సంగతి, చెబితే మీకు కష్టంగా ఉంటుంది. ఆ బాబు మొదటిరోజే ఒడిలో కూర్చున్నాడని ఎంతో మురిపెంగా రాశారు. మీ మనవడు ముక్కూమొహం తెలియని మనిషి ఒడిలో అయిదు నిమిషాల్లో కూర్చుంటాడా? తల్లి కొంగు వెనక నక్కుతాడు. వచ్చిన ప్రతి అతిథినీ వాటేసుకోవడం, ఎవరు పడితే వాళ్లతో వెళ్లిపోవడానికి సిద్ధపడడం హోంలలో పెరిగే పిల్లల్లో తరచూ కనిపిస్తుంది. వాళ్ల జీవితంలోకి మనుషులు వస్తూ పోతూ ఉండబట్టి. వాడికి మీ మీద ఉన్నది ప్రేమే కావచ్చు, నేను కాదనను. కానీ మే నెలలో పద్నాలుగు మంది కొత్త అన్నయ్యలు, అక్కయ్యలు పది రోజులు ఎత్తుకుని ఆడించి, ఏడుస్తూ సెల్ఫీలు తీసుకుని విమానం ఎక్కేస్తే వాడికి మిగిలేది ఏమిటో మీరే ఊహించండి. హోంలకి వాలంటీర్లని పంపే కార్యక్రమాల వల్ల పిల్లలకి జరిగే హాని గురించి 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానంలోనే రాసుకున్నారు. పక్కనున్న కెన్యా అయితే 2022లో పదేళ్ల ప్రణాళిక వేసుకుని పిల్లల్ని హోంల నుంచి కుటుంబాలకి మళ్లించే పని మొదలుపెట్టింది.

ఇక డబ్బు. ఇప్పుడున్నట్టే పంపుతూ పోవచ్చు. బాబు చదువు ఆగదు, సంఘంలో గొడవ ఉండదు. కానీ వాడు కాగితం మీద అనాథగానే పెరుగుతాడు, డార్మిటరీ లేస్తే దాన్ని నింపడానికి ఇంకో ఇరవై మంది తల్లుల దగ్గర నుంచి పిల్లలు వస్తారు. లేదా రేపే ఆపేయొచ్చు. మనసుకి తేలిగ్గా ఉంటుంది, మోసంలో భాగం లేదనుకోవచ్చు. దెబ్బ మాత్రం డైరెక్టరుకి కాదు, టర్మ్ మధ్యలో బడి నుంచి తిరిగొచ్చే పిల్లవాడికి తగులుతుంది. హోంలు హఠాత్తుగా మూతపడితే పిల్లలు ఇంటికి చేరతారన్న హామీ కూడా లేదు. కోపంతో ఈ పని మాత్రం చేయకండి.

మధ్యలో ఒక దారి ఉంది, నిదానంగా నడవాల్సింది. ఉగాండాలో బడి సంవత్సరం ఫిబ్రవరి ప్రాంతంలో మొదలై ఏడాది చివర ముగుస్తుంది, మూడు టర్ములు. ఈ సంవత్సరం ముగిసేదాకా నెలనెలా పంపే డబ్బు ఆపకండి, పంపే దారి సంగతి కింద విడిగా చెబుతాను. ఈలోగా బాబుని తల్లి దగ్గరికి చేర్చే పని మొదలుపెట్టమని డైరెక్టరుని అడగండి. అక్కడ ప్రతి జిల్లాకి ప్రొబేషన్ అండ్ సోషల్ వెల్ఫేర్ ఆఫీసరు ఉంటారు. హోంకి ప్రభుత్వ అనుమతి ఉందా లేదా, పిల్లవాడిని ఏ ఉత్తర్వు మీద చేర్చుకున్నారు అన్నది వాళ్లు చూడాల్సిన పని. వాళ్లతోనే ఇల్లు చూపించి, తల్లితో మాట్లాడించి, వచ్చే ఏడాది నుంచి ఫీజు నేరుగా ఇంటి దగ్గరి బడికి కట్టేలా మార్చుకోవచ్చు. హోంలో ఒక పిల్లవాడికయ్యే ఖర్చులో వంటవాళ్లూ, కాపలావాళ్లూ, అద్దె అన్నీ ఉంటాయి. ఇంట్లో ఉండి చదువుకుంటే అంత అవదు. మిగిలినది తల్లి వ్యాపారానికి ఇస్తారా, ఇస్తే ఎవరి చేతుల మీదుగా ఇస్తారు అన్నది అక్కడి మనుషుల్నే అడగండి. గుంటూరులో కూర్చుని మొబైల్ మనీతో నేరుగా ఆవిడకి పంపడం సులువే. కానీ ‘ఇండియా వాళ్లు డబ్బు పంపుతున్నారట’ అన్న మాట పాకిందంటే చుట్టుపక్కల అప్పులవాళ్లూ, బంధువులూ ఆవిడని నిలవనివ్వరు. మన ఊళ్లలో గల్ఫ్ డబ్బు వచ్చే ఇళ్లకి తెలిసిందే ఇది.

ఇది కుదరకపోయే అవకాశమూ ఉంది. డైరెక్టరు ఒప్పుకోకపోవచ్చు. తల్లే ‘వాడక్కడే ఉండనివ్వండి, మూడు పూటలా తింటున్నాడు’ అనొచ్చు. అప్పుడు ఆవిడ మాటకి విలువివ్వండి. కనీసం కాగితాల్లో తల్లి పేరు ఎక్కించమనండి, సెలవులకి ఇంటికి పంపమనండి, మీ అమ్మగారిలాగా ఆదివారాలు వచ్చి చూసుకోనివ్వమనండి. అది కూడా కాదంటే ఆ హోం నడిచే తీరు గురించి మీకు జవాబు దొరికినట్టే.

మీ ఫోన్‌పే విషయం విడిగా చెప్పాలి. అందరి డబ్బూ మీ ఖాతాలోకి రావడం వెంటనే ఆపండి. విదేశానికి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఎల్‌ఆర్‌ఎస్ పథకంలో మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా వీలుంది, మీరు పంపేది దాంట్లో ఏ మూలకీ రాదు. చిక్కు మొత్తంలో లేదు. అది ఎవరి సొంత డబ్బు వాళ్లు పంపుకోవడానికి ఉద్దేశించినది. పదిమంది దగ్గర చందా వసూలు చేసి మీ పేరున దాటించడం వేరే సంగతి. సంఘం ట్రస్టుగా రిజిస్టరైతే దేశం బయట ఖర్చుపెట్టే సొమ్ముకి ఇన్‌కంటాక్స్ మినహాయింపు దగ్గర ఇబ్బందులున్నాయి. ఆడిటరుతో ఒక గంట కూర్చోండి. రేపు పాస్టరు గారితో మాట తేడా వస్తే ఎవరైనా ముందు ఎత్తి చూపేది మీ ఖాతానే.

పేరు మార్చిన సంగతి దగ్గర ‘సంతోషపడాలో బాధపడాలో తెలియలేదు’ అని రాశారు. ముస్లిం నానమ్మ మనవడు బైబిలు పేరుతో ప్రార్థన చేస్తుంటే విశ్వాసిగా మీకు కలిగే సంతోషాన్ని నేను తప్పుపట్టను. కానీ మన ఒంగోలు చరిత్ర ఒకసారి గుర్తు చేసుకోండి. 1876–78 కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడుతున్నా ఆయన ఆపేశారు, గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సాయం ముగిశాకే 1878 జూలైలో ఇచ్చారు, ఒక్కరోజులో 2,222 మందికి. మీ ఇంట్లో పెద్దవాళ్ల విశ్వాసం అక్కడే మొదలై ఉండొచ్చు. తిండి, బడి చేతిలో పెట్టుకుని తొమ్మిదేళ్ల పిల్లవాడి పేరు మార్చడం ఆ పద్ధతికి సరిపోతుందా? వాడి నానమ్మకి చెప్పే చేశారా? డైరెక్టరుని అడగాల్సిన ప్రశ్నే ఇది, మీరు అడిగితే దానికి బరువుంటుంది.

పాస్టరు గారికి చెప్పాలా అంటే, చెప్పాలి. ఎప్పుడు, ఎలా అన్నదే మీ చేతిలో ఉంది. సాక్ష్యం చెప్పే ఆదివారం మైకు దగ్గర చెబితే ఆయన్ని సంఘం ముందు నిలబెట్టినట్టవుతుంది, ఆ తర్వాత ఎవరూ విషయం వినరు, మీరు ఎందుకిలా చేశారన్నదే మాట్లాడతారు. అసలు చెప్పకుండా మామూలు సాక్ష్యం చెబితే, ఆ తర్వాత వచ్చే ప్రతి రూపాయికీ మీరు పూచీ పడ్డట్టే. కాబట్టి ఆదివారానికి ముందే స్త్రీల సమాజం సెక్రటరీని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లి చెప్పండి. ఫోటోలు చూపించండి. ‘దేవుని పనికి అడ్డుపడుతున్నారు’ అనొచ్చు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం ఆఖరి వచనం ఆయనకి కంఠతా వచ్చే ఉంటుంది, దిక్కులేని పిల్లల పక్కనే అందులో విధవరాండ్రు కూడా ఉన్నారు. గొంజా అమ్మే ఆవిడ ఆ రెండో మాటలోకే వస్తుంది. ఆయన వినకపోతే, డబ్బిచ్చిన సోదరీమణులకి ఒక్కొక్కరికీ చెప్పే హక్కు మీకుంది. వాళ్లు మీ మొహం చూసి ఇచ్చారు. డార్మిటరీ డబ్బు ఇంకా పంపలేదు కాబట్టి అనాథల కోసం ఇచ్చిన వాళ్లని మళ్లీ అడగాల్సిందే: వెనక్కిమ్మంటారా, పిల్లల ఫీజులకి మళ్లించమంటారా అని. ఇద్దరు ముగ్గురు మీతో మాట్లాడడం మానేస్తారు. దానికి సిద్ధపడి వెళ్లండి.

మే నెల ప్రయాణం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మెడికల్ క్యాంపు వద్దు. నర్సింగ్ ఇంకా చదువుతున్న పిల్లలు ఇక్కడ సొంతంగా మందులివ్వకూడదు, అక్కడ మాత్రం ఎలా ఇస్తారు? మీరు వెళ్లే ఆ జింజాలోనే వైద్యం చదవని ఒక అమెరికన్ మహిళ, సేవాభావంతోనే, పోషకాహార లోపమున్న పిల్లల కోసం కేంద్రం నడిపింది. పిల్లల్ని పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు 2019లో కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది తప్పు ఒప్పుకోకుండానే డబ్బిచ్చి రాజీ చేసుకున్నారు. ఇక సువార్త కూటాలంటారా, ఉగాండాకి మిషనరీలు వచ్చింది 1877లో. అంటే ఒంగోలు సంఘానికీ వాళ్లకీ ఇంచుమించు ఒకటే ఈడు. దేశంలో నూటికి ఎనభై మందికి పైగా క్రైస్తవులు. విశ్వాసం కోసం 1880లలో సజీవంగా తగలబడిన యువకుల పేరిట ఏటా జూన్ 3న కంపాలా దగ్గరి నముగోంగోకి వాళ్లు వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. వాళ్లకి మన యూత్ వెళ్లి సువార్త చెబుతుందంటే నాకు నవ్వొచ్చింది, క్షమించండి.

వెళ్లనే వద్దని కాదు. హోం వదిలేసి అక్కడి ఒక సంఘానికి అతిథులుగా వెళ్లండి. జూన్ 3 దాకా ఉండి వాళ్లతో కలిసి నడవండి, వాళ్ల ఇళ్లలో మటోకే (ఉడికించిన పచ్చి అరటికాయ) తినండి, వాళ్ల పాస్టర్లు చెప్పేది మన పిల్లలు వినాలి. తర్వాత దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్నివ్వండి అని అడిగారు. ఆనాడు మన తరఫున అడిగిన మాట అది. ఇలా వెళ్తే వీడియోకి పనికొచ్చే ఏడుపులు దొరకవు, చందాలు తగ్గుతాయి, యూత్‌లో కొందరు పేర్లు తీసేసుకుంటారు. పాస్టరు గారికి అది నచ్చకపోవచ్చు.

మీ సంగతికొస్తే, మీ చేతిలో ముప్పై ఏళ్ల బోధన అనుభవం ఉంది. అక్కడ ఒక్కో తరగతిలో కిక్కిరిసి కూర్చునే బళ్లున్నాయి. ఏదైనా బడి హెడ్‌మాస్టరు అడిగితే, ఆ బడి టీచర్ల కింద, ఒక టర్మ్ పూర్తిగా ఉండి చదవడం నేర్పే పనిలో సాయపడొచ్చు. పిల్లలు తమ టీచరుకి అలవాటుపడాలి, మీకు కాదు. దీనికి విజిట్ వీసా చాలదు, వాలంటీర్లకీ మిషనరీలకీ వేరే పర్మిట్ ఉంది, మిమ్మల్ని పిలిచే సంస్థ అప్లై చేయాలి. మీ అబ్బాయికి ముందు ఈ వివరాలన్నీ చెప్పండి. అతను అక్కడ ఉద్యోగం చేసుకుంటున్నాడు, తల్లి వల్ల ఇమ్మిగ్రేషన్ గొడవ వస్తుందన్న భయంతోనే వదిలెయ్యమంటున్నాడేమో.

ఈ వారంలో చేయాల్సింది ఒక ఉత్తరం. డైరెక్టరుకి, మర్యాదగా, ఈమెయిల్‌లో. హోం అనుమతి కాగితం కాపీ పంపమనండి. మా సమాజం స్పాన్సర్ చేస్తున్న పిల్లల్లో ఎంతమందికి తల్లి, తండ్రి, నానమ్మ, అమ్మమ్మ ఉన్నారో రాయమనండి. బాబుని ఇంటికి చేర్చడానికి ప్రొబేషన్ ఆఫీసరుతో ఎప్పుడు మాట్లాడతారో తేదీ అడగండి. వంటచేసే అమ్మాయి పేరు ఎక్కడా రాయకండి, ఆవిడ ఉద్యోగం పోతుంది. ‘నేను మళ్లీ రాబోతున్నాను, వాళ్లమ్మని కలుస్తాను’ అన్న మాట మాత్రం చేర్చండి. మూడు వారాల్లో జవాబు రాకపోతే మీ అబ్బాయిని వెంటబెట్టుకుని ఆ జిల్లా ఆఫీసరు దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. పిల్లలకి ప్రమాదం ఉందనిపించే సంగతి ఏదైనా కంటపడితే మాత్రం మూడు వారాలు ఆగొద్దు, ఉగాండాలో పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 116.